ఏనుగును ముట్టుకోని అత్త

మా మేనత్త పోయిందని పోయిన వారం పొద్దున్నే బావ ఫోన్ చేశాడు. "అమ్మ లేదప్పా. కాఫీ తాగి లోటా పక్కన పెట్టింది. మల్ల పిలిస్తే పలకలే. పాపను పిల్చుకోని రా" అన్నాడు. అంతే చెప్పి పెట్టేశాడు. మేం బళ్లారి సత్యనారాయణపేటలోని ఆమె ఇల్లు చేరేసరికి వాకిట్లో చెప్పుల గుట్ట. సగం లారీ డ్రైవర్లవి, క్లీనర్లవి. కౌల్ బజారులో టైర్లమ్మే సాయిబు కూడా వచ్చి గోడకానుకుని కూర్చున్నాడు. ఇన్నేళ్లలో ఆమెతో బేరమాడి ఒక్కసారీ గెలవని మనిషి ఆయన. తువ్వాలుతో మొహం కప్పుకుని చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు.

అత్తను ఎరిగినవాళ్లంతా ఆమెను మాట మీద నిలబడే మనిషి అంటారు. నిజమే. మామ పోయాక లారీలన్నీ తన చేతిలోకి తీసుకుని, డ్రైవరుకిచ్చిన మాటనీ టైర్ల సాయిబుకిచ్చిన మాటనీ ఒక్కలాగే నిలబెట్టుకుంది. దేవుడికిచ్చిన మాట సంగతి చెప్పనక్కర్లేదు. ఆమె మొక్కిన మొక్కులకు మా చుట్టాల్లో సగం మందికి గుండ్లయ్యాయి. కానీ అత్త అనగానే నాకు గుర్తొచ్చేది ఆమె మాట తప్పిన రోజు. దేవుడికిచ్చిన మాటే తప్పింది, అదీ ఒక ఏనుగు కోసం. ఆమె మీద నాకున్న గౌరవం ఆ రోజుతో మొదలైంది. ఈ నాలుగు మాటలూ అందుకే రాస్తున్నాను.

ఇనుప ఖనిజం గనుల జోరు నడుస్తున్న రోజులవి. బళ్లారిలో నలుగురు కలిస్తే లారీ మాటే. పొలాలు కౌలుకిచ్చి లారీలు కొన్నవాళ్లలో అత్తావాళ్లూ ఉన్నారు. ఆమె పుట్టింది తెక్కలకోటలో, వరి పండే మాగాణి ఇంట్లో. ఎర్ర దుమ్ముతో పరిచయం ఆ తరువాతే. రోజూ స్నానం చేసి రాగానే గోడ మీది మామ ఫోటోను చెంగుతో తుడిచేది. సాయంత్రానికి అద్దం మళ్లీ ఎర్రబడేది. "ఈ దుమ్మే మనకు అన్నమప్పా. అన్నంలో పడకుండా సూసుకుంటే సాలు" అనేది. మనిషి భారీగా ఉండేది. ఆమె ఆటో ఎక్కితే పక్కన ఇంకొకరికి చోటుండేది కాదు. "నేనూ ఓవర్‌లోడేనప్పా, చెక్‌పోస్టు దాటిస్తావో లేదో సూడు" అని ఆటోవాడు నోరు తెరవకముందే తనే అనేసేది.

నేనప్పుడు సండూరు కొండల కింద ఒక ఊళ్లో లెక్కల మాస్టరుని. మధ్యాహ్నం పూట కొండ మీద సైరన్ మోగేది. ఆ వెనకే రాయిని పేల్చేవాళ్లు. ఇంటి రేకులు గలగలలాడేవి, గూట్లో గిన్నెలు కదిలేవి. మేము అలవాటు పడిపోయాం. మా పాప పడలేదు. అప్పుడప్పుడే మాటలొస్తున్న పిల్ల, సైరన్ వినపడగానే ఒళ్లంతా కొయ్యలా బిగదీసుకునేది. ఏడ్చేది కూడా కాదు. రానురాను వచ్చిన మాటలు కూడా మానేసింది, ముద్ద పెడితే నోట్లోనే ఉంచుకునేది. డాక్టరు చూసి, ఒంట్లో ఏమీ లేదన్నాడు. ఏమీ లేదంటే ఏం చేయాలో తెలియక నేనూ నా భార్యా పాపను ఎత్తుకుని అత్త ఇంటికి వెళ్లాం.

అత్త ఒళ్లో కూర్చోబెట్టుకుని పాప అరచేతులు తడిమి చూసింది. "ఇది బెదురప్పా. సూదులకు పోదు" అంది.

మా వైపు ఒక నమ్మకముంది. బెదిరిన పిల్లను ఏనుగు కడుపు కింద నుంచి ఈ పక్క నుంచి ఆ పక్కకు దాటిస్తే బెదురు వదులుతుందంటారు. తెక్కలకోటకు ఎప్పుడో సాధువులు ఏనుగును తోలుకొచ్చినప్పుడు మా నాయనను అలాగే దాటించారట. ఆ తరువాత మా నాయన దేనికీ భయపడలేదని అత్త సాక్ష్యం చెప్పేది. "మీ అమ్మకు తప్ప" అని ఆఖర్న చేర్చేది. ఆ రోజే ఆంజనేయస్వామి గుడికి పోయి, పాపను ఏనుగు కింద దాటిస్తానని మొక్కుకుంది. పసుపు గుడ్డలో ముడుపు కట్టి దేవుడి గూట్లో పెట్టింది.

మొక్కైతే మొక్కింది గానీ ఏనుగేది? వీధుల్లో ఏనుగులు తిరిగే కాలం పోయింది. ఆ చిక్కు బావ విప్పాడు. "పడమట అడవుల దిక్క ఏనుగుల క్యాంపు ఉండాదంటమ్మా. కాపాడిన ఏనుగులను పెట్టుకోని సాకుతాండారంట. మనం నీళ్లల్లో దిగి స్నానం కూడా చేపియ్యొచ్చంట. పోదాం పా" అన్నాడు. టెంపో మాట్లాడాడు. జనమంతా కెమెరాలు సర్దుకుంటుంటే అత్త పసుపు, కుంకుమ, బెల్లం అచ్చులు, అరటిగెల, కొత్త తువ్వాలు సర్దింది. దారిలో ఉగ్గాని, బజ్జీ తింటూ అందరం నవ్వుకుంటూ వెళ్లాం. పాపకు పట్టులంగా కట్టి, బుగ్గన చుక్క పెట్టాం. విహారానికి పోయే చోటికి గుడికి పోయినట్టు పోవడం మాలాంటివాళ్లు మాత్రమే చేసే పొరపాటు. ఆ పొరపాటు చేయకపోయి ఉంటే అత్త కూడా మిగతావాళ్లలాగే ఫోటో దిగి వచ్చేసి ఉండేదేమో.

క్యాంపు నది ఒడ్డున ఉంది. టికెట్టు కొన్నవాళ్లు చేతిలో కొబ్బరి పీచుతో వరసలో నిలబడ్డారు. నీళ్లలో ఒక ఆడ ఏనుగు పక్కకు ఒరిగి పడుకుంది. దాని మీద పదిమంది చేతులు. ఒకరు చెవి రుద్దుతున్నారు, ఒకరు దంతం లేని మూతి దగ్గర మొహం పెట్టి ఫోటో దిగుతున్నారు. బావ పంచె ఎగగట్టి దిగాడు. వాళ్లు గట్టెక్కగానే ఇంకో గుంపు దిగింది. ఏనుగు లేవబోయింది. మావటి ఏదో అన్నాడు. అది మళ్లీ పడుకుంది. అత్త మెట్ల మీదే నిలబడి చూస్తోంది.

"ఏమప్పా, పొద్దుగాల నుంచి ఇది ఎన్ని తూర్లు నీళ్లు పోసుకునింటాది?" అని అడిగింది నన్ను.

"తెలీదత్తా. గుంపు వచ్చినప్పుడల్లా అనుకుంటా."

"బిడ్డకు ఇన్ని తూర్లు పోస్తే తల్లిని తిడతాం గదా. స్నానం దానికా, మనకా?"

టికెట్టు మీద మాత్రం ఏనుగు స్నానం అనే ఉంది.

స్నానాలయ్యాక బావ మావటితో మాట్లాడాడు. నడివయసు మనిషి, చొక్కా జేబులో బెల్లం ముక్కలు పెట్టుకుని తిరుగుతున్నాడు. పాపలను కింద దాటించడం అక్కడ కొత్తేమీ కాదట. ఏనుగును ఒడ్డు మీదికి తెచ్చి నిలబెట్టాడు. అత్త దూరం నుంచే దానికి దండం పెట్టుకుంది. నేల మీద పసుపు కుంకుమ వేసి, అరటిపండ్లు మావటి చేతికిచ్చి పెట్టించింది. పాపను ఎత్తుకుని ఏనుగు పక్కకు వెళ్లి వంగబోయింది. మావటి అంకుశం తీసి, దాని కొక్కెం ఏనుగు చెవి వెనక ఆనించాడు. ఆ కొక్కెం తగలగానే అంత ఒళ్లూ ఒక్కసారి ఉలిక్కిపడి, కొయ్యలా బిగుసుకుంది.

అత్త వంగడం ఆపింది. లేచి నిలబడింది. మొక్కుకున్నాక మా ఊరికి వచ్చినప్పుడల్లా అలా బిగుసుకుపోయే ఒంటిని ఆమె ఒళ్లో పట్టుకుని ఉంది.

"దాన్ని తియ్యప్పా" అంది మావటితో.

"తెగద్రె నిల్లల్ల అమ్మా" అన్నాడాయన కన్నడంలో. తీస్తే నిలబడదని.

"ఎందుకు నిలబడదు?"

ఇంతమంది జనం, ఈ అరుపులు, ఈ బండ్ల హారన్లు, దానికీ బెదురుంటుంది కదా అని ఆయన చెప్పాడు. పిల్ల కింద ఉన్నప్పుడు అది ఒక్క అడుగు పక్కకేస్తే ఏం కావాలని తనే ఎదురడిగాడు. ఆయన చెడ్డవాడేం కాదు. ఒక చేత్తో అంకుశం పట్టుకునే ఇంకో చేత్తో దాని కాలు నిమురుతున్నాడు.

"దీనికీ బెదురుండాదా?" అని మళ్లీ అడిగింది అత్త.

"ఇర్తద అమ్మా" అన్నాడు. ఉంటుందమ్మా అని. అది అడగాల్సిన సంగతే కాదన్నట్టు చెప్పాడు.

అత్త పాపను భుజానికెత్తుకుని వెనక్కి నడిచింది. బావ అడ్డం వచ్చాడు. "అమ్మా, ఇంత దూరం వచ్చి ఏందిది? మొక్కు తప్పితే పాపకేమన్నా అయితే?" అన్నాడు. నా భార్యకు కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను మొక్కులు నమ్మేవాణ్ణి కాదు. ఆ క్షణంలో మాత్రం నాకూ బావ మాటే సబబనిపించింది.

"బెదిరి నిలబడినదాని కింద దూరిస్తే నా బిడ్డ బెదురు ఎట్లప్పా పోతాది?" అంది అత్త. "మొక్కింది నేను. సామికి కోపమొస్తే నా ఇల్లు యాడుండాదో ఆయనకు తెలుసు."

గొంతు గట్టిగానే ఉంది. రెండో చేత్తో మాత్రం ఎవరికీ కనపడకుండా చెంపలేసుకుంది. నేను పక్కనే ఉన్నాను గనక చూశాను.

తరువాత ఆమె పోయి మావటి పక్కన మెట్ల మీద కూర్చుంది. మిగిలిన బెల్లమంతా ఆయనకిచ్చి, "మేమెవరం రాకుంటే ఇది సుఖపడుతుందా?" అని అడిగింది. ఆయన ఒక ముక్క విరిచి జేబులో వేసుకున్నాడు. ఇది పుట్టిందే మనుషుల చేతుల్లో, అడవిలోకి తోలేస్తే బతకలేదు అన్నాడు. మీరు కొనే టికెట్టులోనే దాని మేత ఉంది, నా కూడూ ఉంది అన్నాడు. రావద్దని ఎట్లా అంటాను, వచ్చి పైన పడొద్దంటాను, కానీ నా మాట ఎవరు వింటారన్నాడు. నది అవతల ఒక బండ చూపించాడు. జనం పోయాక సాయంత్రం వీటిని అడవి అంచుకు వదులుతాం, అక్కడ కూర్చుంటే కనిపిస్తాయి అని చెప్పాడు. టికెట్టు లేని చోటు గనక అక్కడికి ఎవరూ రారట.

మేము వెళ్లాం. బావ అలిగి టెంపోలో పడుకున్నాడు. పొద్దు వాలే వేళకు ఏనుగులు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ఒక్కోటి కాలి గొలుసు ఈడ్చుకుంటూ వస్తోంది. మా ఆడ ఏనుగు నేరుగా గట్టు మీది ఎర్రమట్టి దగ్గరికి పోయింది. తొండంతో తవ్వి తవ్వి వీపు మీద, తల మీద, కడుపు కింద చల్లుకుంది. పొద్దున ఊళ్ల ఊళ్ల జనం కలిసి తోమి తెల్లబరిచిన ఒళ్లు కాసేపట్లో ఎర్రగా అయిపోయింది.

అత్త పకపకా నవ్వింది. "సూడే పాపా, అందరూ కష్టపడి తోమింది ఎట్ల పాడు చేసుకుంటాందో! మన లారీ క్లీనరు లెక్క ఉండాది!"

ఏనుగు తొండం నిండా ఇంకోసారి మట్టి తీసింది.

"మల్ల" అంది పాప.

ఎన్నాళ్లకో వచ్చిన మాట అది. నా భార్య నా చెయ్యి పట్టుకుంది.

తిరుగు దారిలో బావ వేలికి కొత్త ఉంగరం. ఏనుగు తోక వెంట్రుకది, బయట అంగట్లో కొన్నాడు. అత్త దాన్ని తిప్పి చూసి, "ఇది దాని తోకకు ఉన్నప్పుడు దేనికి పనికొస్తాండె?" అనడిగింది. "ఈగలు తోలుకునేదానికి" అన్నాడు బావ. "నీకేం ఈగలప్పా?" అంది. ఇల్లు చేరేలోగా ఆ ఉంగరం ఎటు పోయిందో మాయమైంది.

అయితే అత్త మనసు కుదుటపడిందని అనుకోకండి. ముడుపు దేవుడి గూట్లో అలాగే ఉంది. పాపకు జలుబు చేసిందని ఫోన్ చేసినా, "జరమేం లేదు గదా?" అని మళ్లీ మళ్లీ అడిగేది. ఆమె కళ్లు అప్పుడు ఎటు చూస్తుండేవో మాకు తెలుసు. చివరికి లారీలను బావకు వదిలేసి, ఒక సంచి పట్టుకుని మా ఊరికి వచ్చేసింది. సైరన్ మోగే వేళకు పాపను ఒళ్లో పెట్టుకుని వాకిట్లో కూర్చునేది. "ఏనుగు లేస్తాంది... తొండం ఎత్తింది... ఇప్పుడు సూడు, మట్టి పోసుకుంటాది" అనేది. ఢామ్మని పేలేది. కొండ మీద నుంచి ఎర్ర దుమ్ము పైకి లేచి, మెల్లగా వాలేది. పాప మొదట్లో ఆమె చెంగులో తల దూర్చేది. తరువాత చెంగులో నుంచి ఒక కన్నుతో చూసేది.

ఒకరోజు బడి నుంచి వచ్చేసరికి ఇంట్లో ఒక దృశ్యం. అంత భారీ మనిషి, మోకాళ్లూ చేతులూ నేలకానించి వంగి ఉంది. ఆమె కడుపు కింద నుంచి పాప పాకుతూ అవతలికి వస్తోంది. ఇద్దరికీ నవ్వు ఆగడంలేదు. అత్త ఆయాసపడుతూ తల మాత్రం పైకెత్తి గోడ మీది దేవుడి పటాన్ని చూసింది. "సామీ, ఇంతకన్నా పెద్ద ఏనుగు బళ్లారి జిల్లాలో లేదు. సరిపెట్టుకో" అంది.

మరుసటి వారం బళ్లారికి పోయి, ముడుపు విప్పి ఆంజనేయస్వామి హుండీలో వేసింది. దేవుడు సరిపెట్టుకున్నాడో లేదో నాకు తెలియదు. పాప బెదురు ఏ రోజు పోయిందో కూడా చెప్పలేను. ఒక మధ్యాహ్నం సైరన్ మోగితే, దుమ్ము చూడాలని తనే వాకిట్లోకి పరిగెత్తింది. నాకు తెలిసింది అంతే.

ఆ తరువాత మా చుట్టాల్లో ఎవరు ఏనుగుల దగ్గరికి బయల్దేరినా అత్త విచారణ తప్పేది కాదు. నీళ్లల్లోకి దింపుతారా, ఎక్కి తిరగనిస్తారా, మీరు వచ్చేసినాక అది యాడికి పోతాది అని అడిగేది. పోవద్దని ఎవరికీ చెప్పలేదు. "సూసేదానికి పోండి. మీదపడేదానికి పోవద్దండి" అనేది. తను మాత్రం ఇంకోసారి మాతో వచ్చి, అందరితో పాటు టికెట్టు కొనుక్కుని, నేరుగా అవతలి బండ మీదికి నడిచింది. "ముట్టుకోనప్పుడు టికెట్టు దేనికమ్మా?" అని బావ గొణిగాడు. "ముట్టుకోకుండా ఉండేదానికే" అంది.

ఆమెకు తన మీద భ్రమలేం లేవు. ఒకసారి నేను ఆమెను పొగడబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "మన లారీలు కొండనే మోసుకొచ్చి అమ్ముతాండాయి. నేను ఏనుగు మీద దయ సూపిస్తే ఆ కొండల్లో ఎలుగుబంట్లు నవ్వవా? ఊరుకో" అంది. కోర్టు చెప్పడంతో గనులు ఆగిపోయి, లారీలు వరసగా నిలిచిపోయిన ఏడాది అందరూ గోల పెడుతుంటే ఆమె మామ ఫోటో తుడుస్తూ, "సాయంత్రానికి కూడా ఎర్రబడలేదప్పా ఈయన" అంది. బాధగా అందో, హాయిగా అందో ఇప్పటికీ తేల్చుకోలేను.

మా వైపు నిండు వయసులో పోయినవాళ్ల పాడె ఎత్తినప్పుడు ఇంటి చిన్నపిల్లల్ని దాని కింద నుంచి దాటిస్తారు. ఆ పెద్దవాళ్ల ఆయుస్సు వస్తుందంటారు, బెదురు పోతుందంటారు. ఆ రోజు వాకిట్లో బావ, ముగ్గురు డ్రైవర్లు కలిసి అత్తను భుజాలకెత్తుకున్నారు. బావ మనవళ్లను ఒకరి చేతి నుంచి ఒకరు అందుకుని కింద నుంచి దాటించారు. అయిపోయిందనుకుని బావ అడుగు ముందుకేయబోయాడు.

"మామా, ఉండు" అంది మా పాప. ఇప్పుడు కాలేజీలో చదువుతోంది, నాకంటే పొడుగు.

పిల్లలకే గదా ఇది అని ఎవరో అనబోయారు. ఆపొద్దన్నట్టు బావ తల అడ్డంగా ఊపాడు. పాప చున్నీ నడుముకు చుట్టుకుని, బాగా వంగి, మోకాళ్ల మీద పాకింది. తొందరపడలేదు. అత్త బరువైన మనిషి. మోసేవాళ్ల మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి, బావ కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. అయినా ఎవరూ అదిలించకుండానే, ఎవరూ చెప్పకుండానే, పాప ఆ పక్కకు చేరేదాకా నలుగురూ ఒక్క అడుగు కదలకుండా నిలబడ్డారు.

అవతల పాప లేచి నిలబడింది. పైనుంచి రాలిన బంతి రేకులు జుట్టు నిండా ఉన్నాయి. వాటిని దులుపుకోలేదు.